రాయీగ గొంతు

భీమశంకరం చల్దిగూడలో మంచినీళ్ళు ముట్టడని ఊరందరికీ తెలుసు. పన్నెండేళ్ళుగా ఆ ఊరి నెత్తిమీది కొండను తొలిచి రాయి అమ్ముకుంటున్న మనిషి. ఆయన జీపు దిగితే, వెనకాలే డ్రైవరు నీళ్ళసీసా పట్టుకుని దిగేవాడు. ఎవరైనా మర్యాదకి చెంబు తెచ్చిస్తే నవ్వి, "మీ నీళ్ళు మీకే మంచివి" అనేవాడు. ఊళ్ళో చాలామంది ఆ మాటకి తామూ నవ్వి ఊరుకునేవారు. గెమ్మెలి నీలవేణి మాత్రం ఊరుకోలేదు. ఆ మాటని మనసులో దాచుకుంది.

దాచుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట వానల్లో, మిట్టమధ్యాహ్నం, ఆమె తమ్ముడు త్రినాథ్ ఊరి వాగు సన్నగెడ్డలో దిగి చేపల బుట్ట ఎత్తుతున్నాడు. పైన క్వారీలో రాయి కోసిన బురదని నిలవచేసే గుంట వానకి నిండిపోయింది. అది పొర్లితే మిషన్లు మునుగుతాయని భీమశంకరం దగ్గరుండి గట్టు కొట్టించాడు. కింద గెడ్డలో మనుషులుంటారు, ఒక్క కేక వేయిద్దాం అన్న ఆలోచన ఆయనకి రానే లేదు. త్రినాథ్ దొరికేసరికి పొద్దు వాలిపోయింది. ఇరవై నాలుగేళ్ళవాడు. కళ్ళలో, చెవుల్లో, గొంతు నిండా తెల్లటి రాతిపిండి. తల్లి చిలకమ్మ ఆ పిండిని వేలితో తీసింది, కడిగింది, మళ్ళీ తీసింది. విచారణకి వచ్చినవాళ్ళు ప్రమాదం అని రాసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు భీమశంకరం ఊరికి లారీతో నీళ్ళడబ్బాలు పంపించాడు.

చిలకమ్మ ఆ డబ్బాలని ఒక్కొక్కటీ కత్తితో పొడిచి నేలపాలు చేసింది. నీలవేణి అడ్డుపడలేదు. ఏడవనూ లేదు. పదమూడోనాడు బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి మళ్ళీ తన పనిలో పడిపోయింది. ఎంత గుండె రాయి చేసుకుందో అని ఊరు బుగ్గలు నొక్కుకుంది గానీ, ఆ గుండెలో ఏముందో ఊరికేం తెలుసు?

ఆమె పని పురుగులతో. మంచినీటి పురుగుల మీద పరిశోధన చేసే చిన్న లేబొరేటరీలో పదకొండేళ్ళుగా సహాయకురాలు. అక్కడికి రాయీగని తీసుకొచ్చింది ఆమే. సన్నగెడ్డ పుట్టే ఊట దగ్గర, చల్లటి నీళ్ళు రాళ్ళమీద పరిగెత్తే చోట మాత్రమే కనబడే పురుగది. పిల్లగా మూడేళ్ళు రాతి అడుగున నీళ్ళలో బతుకుతుంది. రెక్కలొచ్చాక పదిరోజులే ఆయుష్షు. ఆ పదిరోజులూ మగది ఎండుకొమ్మ మీద కూర్చుని పొట్టతో టకటకా కొడుతుంది, ఎక్కడో కూర్చున్న ఆడది బదులు కొడుతుంది, ఆ చప్పుడు పట్టుకుని వెతుక్కుంటాయి. పెళ్ళికి ఇంత గోల చేసే పురుగు నీళ్ళ దగ్గర మాత్రం మహా పట్టింపు గలది. నీటిలో రవ్వంత మురికి కలిసినా, కాస్త వేడెక్కినా, పారడం మానినా, చస్తుంది గాని సర్దుకుపోదు. పక్క కొండ గెడ్డలో వేసినా బతకదు.

ఆ పట్టింపు ఎక్కడుందో కనిపెట్టింది లేబొరేటరీ అధిపతి డాక్టర్ తురగా వసుమతి. రాయీగ పిల్ల మొప్పల్లో నీటి రుచి పట్టే ఒక పదార్థం ఉంది. దాన్ని మనిషి నాలుకకి అతికించగలిగితే ఏ మిషనూ అక్కర్లేదు, పల్లెలో ఆరోగ్య కార్యకర్త ఒక గుక్క నోట్లో వేసుకుని ఇది మంచిది, ఇది కాదు అని చెప్పెయ్యగలదు. వసుమతి ఆశ అదీ. అయిదేళ్ళు పట్టింది. చివరికి వేలెడంత సీసాలో పసుపురంగు మందు తయారైంది.

"రెండు చుక్కలు వెయ్యి, నీలా" అని నాలుక చాపింది వసుమతి. తయారుచేసిన మందు ముందు తనమీదే వేసుకోవాలని ఆవిడ పట్టుదల.

గంట గడిచాక నీలవేణి పన్నెండు గ్లాసుల్లో పన్నెండు రకాల నీళ్ళు పోసి పెట్టింది. వసుమతి కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే రుచి చూసింది.

"ఇది కొళాయిది. గొట్టం తుప్పు పట్టింది. ఇది బోరుది. ఇందులో ఎవరో సబ్బుచెయ్యి ముంచారు, నువ్వేనా? ఇది..." తొమ్మిదో గ్లాసు దగ్గర ఆగిపోయింది. గ్లాసు ఖాళీ చేసి, అడుగున మిగిలిన చుక్క కూడా నాకింది. "ఇది మీ ఊటది. అబ్బ! ఇన్నాళ్ళూ నేను తాగినవి నీళ్ళే కావు, నీలా."

ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. మూడోరోజు పొద్దున్న కాఫీ గుక్క దగ్గర వసుమతి గొంతు మూసుకుపోయింది.

పొలమారడం కాదది. గొంతుకండరం తాళం వేసినట్టు బిగిసిపోయింది. కాఫీ ఒక్కటే కాదు. పాలు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, సీసా నీళ్ళు, పల్చగా ఏది తగిలినా అంతే. నాలుకకి నేర్పిన పట్టింపు గొంతుక్కూడా దిగిపోయింది. సన్నగెడ్డ ఊటనీళ్ళు మాత్రం దిగాయి, అవి కూడా తెచ్చి రెండురోజులు దాటకపోతేనే. నీలవేణి బస్సుల్లో ఫ్లాస్కులు మోసింది. ఆ నీళ్ళతోనే వంట. ఫ్లాస్కు ఆలస్యమైన రోజు చేతికి సెలైన్. పందొమ్మిదో రోజున గొంతు దానంతటదే విడింది. అప్పటికి వసుమతి దుప్పట్లో ఉందా లేదా అన్నట్టు అయిపోయింది.

"ఉన్నదంతా పారబొయ్యి" అంది లేచి కూర్చోగలిగిన మొదటిరోజు. "ఇది మందు కాదు, శిక్ష."

నీలవేణి చెవిలో ఆ చివరిమాటే పడింది. పారబోశానని చెప్పింది. సీసా ఆమె అద్దెగది ఫ్రిజ్‌లో, ఆవకాయ జాడీ వెనక్కి చేరింది. ఆ పనికి అలవాటైన మనిషి గనక లెక్క కట్టుకోగలిగింది. నాలుక మీది పొర రాలి కొత్తపొర వస్తుంది, అందుకే వసుమతి గొంతు విడింది. అయిదు చుక్కలు పడితే మందు పొర కిందకి, వేళ్ళదాకా దిగుతుంది. ఆ తర్వాత పుట్టే ప్రతి పొరా రాయీగ రుచితోనే పుడుతుంది. ఇక ఆ మనిషి బతకాలంటే సన్నగెడ్డ బతకాలి. ఆ వాక్యాన్ని ఆమె లోపల్లోపల ఎన్నిసార్లు అనుకుందో. అనుకున్నప్పుడల్లా రాత్రి హాయిగా నిద్రపట్టేది.

ఇబ్బందల్లా ఒకటే. నీళ్ళే ముట్టని మనిషి చేత ఆ నీళ్ళు తాగించడం ఎలా?

దారి భీమశంకరమే చూపించాడు. త్రినాథ్ చావు తర్వాత కోర్టు ఆపేసిన క్వారీ మళ్ళీ తెరవాలంటే ఊరి సమ్మతి కావాలి. ఆయన పెద్దల్ని పోగేసి అడిగాడు. ఊరిపెద్ద కిముడు సోంబరి తల గోక్కున్నాడు.

"సావు పడ్డాది బాబూ. ముందల రాజీ బుర్ర తాగాల. అది లేకండా మావు ఏలిముద్ర ఎయ్యం."

చల్దిగూడలో రెండు ఇళ్ళ మధ్య ఎంత పెద్ద తగువైనా రాజీ బుర్రతోనే తెగుతుంది. గెడ్డ ఒడ్డున, ఊరందరి ముందు, ఒకటే సొరకాయ బుర్రలో ఊటనీళ్ళు పోస్తారు. నష్టపడ్డవాళ్ళ ఇంటి ఆడది అందులో చిటికెడు పసుపు, చిటికెడు పొయ్యిబూడిద కలుపుతుంది. నాలో విషం లేదని చూపించడానికి ముందు తనే తాగుతుంది. తర్వాత అవతలివాడు తాగాలి. ఆ తర్వాత ఆ తగువు మాట ఎవరూ ఎత్తకూడదు.

కబురు అందిన రోజు నీలవేణి గదిలో ఒంటరిగా కూర్చుని చాలాసేపు ఆలోచించింది. ముందు తను తాగాలి. అంటే తన గొంతు కూడా పోతుంది. మళ్ళీ కాఫీ లేదు, సముద్రపు ఒడ్డున చెరుకురసం లేదు, ఈ ఉద్యోగమూ ఈ ఊరూ లేవు. పోతే పోనీ అనుకుంది. ఒక కన్ను పోయినా ఎదుటివాడికి రెండూ పోవాలనుకునే దశ దాటి, నాకు రెండూ పోయినా సరే వాడికి పోవాలి అనే దశకి వచ్చేసింది. సీసాలో ఇరవై అయిదు చుక్కలున్నాయి. ఇద్దరికీ సరిపోతాయి.

రాజీనాడు ఊరంతా వచ్చింది. భీమశంకరం తెల్లచొక్కా వేసుకుని, ఫోనులో వీడియో తీయడానికి మనిషిని పెట్టుకుని వచ్చాడు. నీలవేణి రాతి చాటున వంగి పసుపూ బూడిదా కలిపింది, సీసా మొత్తం వంచేసింది. పసుపులో పసుపు కలిసిపోయింది. బుర్ర ఎత్తి గుక్కలు లెక్కపెట్టుకుంటూ తన వాటా తాగి, రెండు చేతులతో ఆయనకి అందించింది.

భీమశంకరం బుర్ర లోపలికి చూశాడు, చుట్టూ జనాన్ని చూశాడు, ఫోనుని చూశాడు. చివరికి ముక్కు ముడుచుకుని గటగటా తాగాడు. ఊరంతా ఈలవేసింది. బుర్రలో ఇంకా కాస్త మిగిలింది.

మిగిలింది గెడ్డరాతి మీద పోసెయ్యాలి. నీలవేణి చిన్నప్పుడు చూసిన రాజీలన్నిటిలో అదే చేశారు. అవన్నీ పొలం గట్ల తగువులు, కోళ్ళ తగువులు. చావు పడ్డ రాజీ ఆమె ఎప్పుడూ చూడలేదు. సోంబరి భీమశంకరం చేతిలోంచి బుర్ర తీసుకుని రాతివైపు వెళ్ళలేదు, చిలకమ్మ దగ్గరికి నడిచాడు.

"కన్నతల్లీ, మిగిల్నాది నీదే. తాగీసి ఆడి మీద పగ ఒగ్గీయే."

నీలవేణి నోరు తెరిచింది. అరిస్తే అమ్మ ఆగుతుంది. అరిస్తే భీమశంకరం వేలు గొంతులో పెట్టుకుని కక్కేస్తాడు, ఆసుపత్రికి పరిగెత్తుతాడు, మందు వేళ్ళకి దిగకుండానే కడిగేస్తారు. రెండేళ్ళ పగ ఒకవైపు, అమ్మ ఒకవైపు. ఆమె ఊపిరి పీల్చి వదిలేలోపు చిలకమ్మ బుర్ర ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

సాయంత్రం ఇంట్లో నీలవేణి తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది. చిలకమ్మ పొయ్యి ఎగదోస్తూ చూసింది.

"ఏటే అలగ ముడుసుకుపోతావు? నువ్వు సీసా వంపినప్పుడే సూసినాను."

"చూసి కూడా తాగావా అమ్మా?"

"తాగీనాను. ఇసమే అనుకున్నాను. నువ్వు తాగినావు, ఆడు తాగినాడు, మరి నానేటి సేసీది, సూత్తా కూకోమంటావా? పోయినోడు నా కొడుకే. ఆ పగ నీ ఒక్కదానికేటి?"

నీలవేణి అప్పుడు ఏడ్చింది. తమ్ముడు పోయాక అదే మొదటిసారి.

మూడోరోజు పొద్దున్న ముగ్గురి గొంతులూ ఒకేసారి మూసుకున్నాయి. చల్దిగూడలో తల్లీకూతుళ్ళు కుండలు పట్టుకుని క్వారీ పక్కనుంచి గంటన్నర కొండెక్కి ఊట దగ్గరికి వెళ్ళారు. ఊరి దగ్గర గెడ్డ రాతిబురదతో ఇంకా తెల్లగానే పారుతోంది మరి. విశాఖపట్నంలో భీమశంకరాన్ని ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పారు. గొట్టాలు వేశారు, కెమెరాలు దింపారు. మూడు చెరువుల నీళ్ళు తాగించడం అంటారు గానీ, పాపం ఆయన ఒక్క చెరువు నీళ్ళు కూడా తాగలేకపోయాడు. పదో రోజున చేతిలో సెలైన్ సూదితోనే ఉన్నవాడికి నీలవేణి ఫోన్ చేసింది.

"మీకు ఏ డాక్టరూ చెప్పలేడు, నేను చెబుతాను" అని మొత్తం చెప్పింది. దాచకుండా, తొందరపడకుండా, ఒక్కొక్క మాటా రుచి చూసుకుంటూ చెప్పింది.

అవతల ఆయన బొంగురుగా, "నిన్ను జైల్లో కుళ్ళబెడతాను" అన్నాడు.

"పెట్టండి. జైలు నీళ్ళు నాకు దిగవు, నాలుగు రోజుల్లో పోతాను. తర్వాత మీ గొంతుకి విరుగుడు వెతికేవాళ్ళు ఉండరు. ఊట దగ్గరికి రండి. మీ నీళ్ళు మీకే మంచివి అనేవారు కదా, ఇప్పుడు మా నీళ్ళే మీకు మంచివి."

ఆయన పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. ఊట దగ్గరికి వచ్చాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి దింపితే, రాళ్ళమీద బోర్లా పడుకుని పశువులా నీళ్ళు తాగాడు. నీలవేణి కాస్త దూరంలో కూర్చుని తృప్తిగా చూసింది. నెలలోపు ఊట పక్కనే రేకులగది వేయించుకుని కాపురం పెట్టాడు. ఇంటికి నీళ్ళు పంపించుకుందామంటే, ఒక్కసారి ఆలస్యమై రెండురోజులు దాటినా గొంతు ఒప్పుకోదని భయం.

అసలు వేడుక ఆ తర్వాత జరిగింది. ఊరు రాజీమాట ప్రకారం వేలిముద్రలు వేసింది, కోర్టు ఒప్పుకుంది, ఆయన జబ్బుపడకముందు పెట్టిన సంతకంతో ఆయన కొడుకులిద్దరూ క్వారీ తెరిచారు. మొదటిరోజు మధ్యాహ్నం బాంబు పేలింది. కొండ వణికింది. పావుగంటకి ఊట పాలరంగుకి తిరిగింది. భీమశంకరం దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాడు, గొంతు బిగిసింది, ఉమ్మేశాడు. నీళ్ళు తేటపడడానికి ముప్ఫై గంటలు పట్టింది. చిలకమ్మా నీలవేణీ ముందే కుండలు నింపుకున్నారు. ఆయనకి ఒక్క చుక్క పొయ్యలేదు.

రెండోరోజు డ్రిల్లింగ్ మిషను ముందు ఒక ముసలాయన చేతులు చాపి నిలబడ్డాడు. "ఆపండ్రా! నేనురా మీ యజమానిని, ఆపండి!" అని పీలగొంతుతో అరిచాడు. కొండ కింద నుంచి చూస్తున్న చిలకమ్మ పకపకా నవ్వింది. పన్నెండేళ్ళుగా ఈ ఊరు చేతులు జోడించి అడిగిందే ఆయన ఇప్పుడు చేతులు చాపి అడుగుతున్నాడు. నీలవేణి జీవితంలో అంత తియ్యటి పూట ఇంకోటి లేదు.

లీజు తండ్రీకొడుకులు ముగ్గురి పేరా ఉంది. తవ్వాలన్నా ముగ్గురి సంతకాలూ కావాలి, వదులుకోవాలన్నా ముగ్గురివీ కావాలి. భీమశంకరం ఇక తవ్వకానికి సంతకం పెట్టనన్నాడు. కొడుకులు వదులుకోవడానికి పెట్టం అన్నారు. పెద్దకొడుకు కిరీటి రేకులగది ముందు నిలబడి మెత్తగానే మాట్లాడాడు.

"మీరు ఉన్నన్నాళ్ళూ మీ మాటే నాన్నగారూ. తర్వాత మీ వాటా మాకే కదా వస్తుంది. లీజు ఇంకా మూడేళ్ళు ఉంది. మేం తొందరపడం."

ఆ మాట నీలవేణి కూడా వింది. తనకి కావలసింది ఎక్కడ తన మెడకే చుట్టుకుందో ఆ క్షణాన ఆమెకి అర్థమైంది. ఈ ముసలాయన పోయిన మర్నాడు కొండ పేలుతుంది. ఊట పోతుంది, గెడ్డ పోతుంది, రాయీగ పోతుంది, తల్లీ తనూ పోతారు. తమ్ముణ్ణి చంపినవాణ్ణి ఇంకా మూడు వేసవులు కంటికి రెప్పలా కాచుకోవాలి.

విరుగుడు ఉందేమోనని వసుమతికి చెప్పుకుంది. ఆవిడ కొండ ఎక్కి వచ్చింది. ముగ్గురి గొంతులూ టార్చి వేసి చూసింది, నాలుకల మీది పొర గీకి తీసుకెళ్ళింది. మళ్ళీ వచ్చినప్పుడు నీలవేణిని పక్కకి పిలిచింది.

"వేళ్ళదాకా దిగింది. తియ్యాలంటే నాలుకే తియ్యాలి" అంది. తర్వాత ఆగి, "నేను పందొమ్మిది రోజులు ఆ దాహంలో పడుకున్నప్పుడు నా నోట్లో నీళ్ళు పోసింది నువ్వు. అదేమిటో కళ్ళారా చూశాక కూడా ఇంకొకడికి ఎలా పోశావు నీలా?" అంది.

"చూశాను కాబట్టే పోశాను."

వసుమతి నీలవేణి భుజమ్మీద చెయ్యి వెయ్యబోయి, వెనక్కి తీసుకుని కొండ దిగిపోయింది. ఊరిదీ అదే వరస. సంగతి తెలిసిననాడు సోంబరి ఇంటి ముందుకొచ్చి, "రాజీ బుర్రలో పగ కలిపినావు. ఇంక ఈ ఊర్ల ఎవుడు ఎవుడ్ని నమ్మి బుర్ర ఎత్తుతాడే?" అని కర్ర నేలకేసి కొట్టి పోయాడు. అప్పటినుంచి ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు. తల్లీకూతుళ్ళు కూడా ఊటకి దగ్గరగా పాక వేసుకున్నారు.

వానల్లో, చలికాలంలో ఇబ్బంది లేకపోయింది. వేసవి ముదిరేసరికి ఊట సన్నబడింది. కొండ కడుపు పన్నెండేళ్ళు తవ్వితే నీళ్ళెక్కడ నిలుస్తాయి? వైశాఖానికి రాతి పగుల్లోంచి చుక్క చుక్కగా పడేది. రాత్రంతా బుర్ర పెడితే తెల్లారేసరికి మూడు బుర్రలు. తర్వాత రెండున్నర. పడమటిగాలి మొదలయ్యాక రెండు. సెలైన్ పెట్టే ఆసుపత్రి కొండ కింద ఎంతో దూరం, మోసుకెళ్ళేవాళ్ళు లేరు.

పంచడం చిలకమ్మ పని. తెల్లవారుజామున తనే లేచి పట్టేది. "నాను తాగీనాను. ఇది నువ్వు తాగు. ఇది ఆడికి పట్టుకెళ్ళు" అనేది. నీలవేణి తన వాటా తాగి, ఆయన వాటా రేకులగదికి తీసుకెళ్ళేది. రెండు బుర్రలు పడుతున్న రోజుల్లో మూడు వాటాలు ఎక్కడివని ఆమె అడగలేదు. చుక్కలు లెక్కపెట్టి పగ తీర్చుకున్న మనిషికి ఈ లెక్క ఎందుకు తట్టలేదో! దాహంలో బుర్ర పని చెయ్యదు. అమ్మ తాగానంటే తాగిందనే అనుకుంది.

నాలుగోరోజు పొద్దున్న చిలకమ్మ లేవలేదు. పెదాలు పగిలి నల్లబడ్డాయి. నాలుక అంగిటికి అంటుకుపోయింది. నీలవేణి తన బుర్ర తెచ్చి నోటికి పెడితే పళ్ళు బిగబట్టింది. వేళ్ళతో విడదియ్యబోతే వేలు కొరికింది.

"అమ్మా, తాగవే. నా తల్లివి కదూ. ఆడు పోతే పోనీ. నువ్వు తాగు."

చిలకమ్మ కళ్ళు తెరిచింది. మాట గాలిలా వచ్చింది.

"ఆడు సస్తే కొండ పోద్ది. నువ్వు సస్తే ఆడ్ని కాసీవోలు నేరు. నాను సస్తే ఏటి పోద్ది?" కాసేపు ఆగి ఊపిరి కూడదీసుకుంది. "ఇంకా రెండేసవులు. ఆడ్ని సావనీకు."

మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. నోట్లో తులసినీళ్ళు పొయ్యడానికి కూడా ఆ పళ్ళు విడలేదు. కొండమీద గొయ్యి తవ్వడానికి సోంబరి ఒక్కడే వచ్చాడు. తవ్వి, మట్టి కప్పి, వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న రెండు బుర్రలు పడ్డాయి. నీలవేణి ఒకటి పట్టుకుని రేకులగదికి వెళ్ళింది. భీమశంకరం మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎముకల మీద చర్మం వేలాడుతోంది. సోంబరి గొయ్యి తవ్విన చప్పుడు ఆయనా విన్నాడు.

"మీ అమ్మ నాకోసం నీళ్ళు మానేసింది కదూ" అన్నాడు ఇటు తిరక్కుండానే.

"మీకోసం కాదు."

"ఏదైతేనేం. నాకొద్దు. తీసుకుపో. ఇంక నావల్ల కాదమ్మా, నన్ను పోనీ."

అది పశ్చాత్తాపమో, విసుగో, కొత్తరకం తప్పించుకోవడమో నీలవేణికి తెలియలేదు. తెలుసుకోవాలనీ లేదు. రెండేళ్ళపాటు ఆమె కన్న కల ఇదే. ఈ మనిషి నాలుక ఎండిపోయి, నీళ్ళు దొరక్క, కుక్కచావు చావాలని. ఇప్పుడు ఆయన తనంతట తనే ఆ చావు చస్తానంటున్నాడు, బుర్ర నిండా నీళ్ళు పట్టుకుని వద్దు అని బతిమాలుకోవలసింది తను. ఆమెకి ఎక్కడలేని అసహ్యం పుట్టుకొచ్చింది. ఆయన మీదా, తనమీదా.

"లేవండి" అంది.

"నన్ను చంపాలనేగా ఇదంతా చేశావు. చంపు."

"చంపాలనే చేశాను. ఇప్పుడు కుదరదు. ఇంకా రెండు వేసవులున్నాయి. అవి దాటాక మీరు ఏ చెట్టుకి ఉరేసుకున్నా నేను తలెత్తి చూడను."

ఆయన పళ్ళు బిగబట్టాడు. నీలవేణి మంచమ్మీద మోకాలు ఆనించి, ముక్కు రెండువేళ్ళతో గట్టిగా మూసింది. తల్లికి ఆ పని చెయ్యలేకపోయింది. ఈయనకి చెయ్యగలిగింది. ఊపిరాడక నోరు తెరుచుకుంది. కొద్దిగా పోసింది. ఆయన కొట్టుకున్నాడు, దగ్గాడు, కొంత బుగ్గ మీదుగా కారబోతే ఆమె అరచేత్తో ఆపి మళ్ళీ నోట్లోకి తోసింది.

"మింగు. అది మా అమ్మ వాటా."

గొంతులో ముడి కదిలింది. నీళ్ళు దిగాయి. భీమశంకరం కళ్ళు మూసుకున్నాడు. ఆ ఎండిన మొహం మీద రెండువైపులా ధార కట్టింది. వెక్కిళ్ళు మొదలయ్యాయి. నీలవేణి అది చూసి భయపడిపోయి, చీరచెంగుతో గబగబా ఆ కళ్ళు అదిమిపట్టింది.

"ఏడవకు" అంది. "ఒంట్లో నీళ్ళు పోతాయి."

ఆయన వెక్కిళ్ళు తగ్గేదాకా అలాగే పట్టుకుని కూర్చుని, తర్వాత రెండో గుక్క పోసింది.